హిల్మా గారికీ నా నీలం సీసాకీ పడదు

"ముందు ఆ నీలం సీసా బల్ల మీంచి తియ్యి. దాన్ని చూస్తూంటే నాకు కాఫీ దిగదు."

"హిల్మా గారూ, అది సీసా. మిమ్మల్నేం చెయ్యలేదు."

"నన్ను చెయ్యలేదు. నీ తువ్వాళ్ళని చేసింది. ఏదీ, ఒకటి ఇటు పడెయ్యి."

పడేశాను. పడెయ్యకపోతే ఆవిడే లేచి వచ్చి లాక్కుంటుంది. తువ్వాలు ఒళ్ళో పరుచుకుని, చేతిసంచిలోంచి చెవిలో మందు వేసుకునే డ్రాపర్ తీసి, గ్లాసులో నీళ్ళలో ముంచి, తువ్వాలు మధ్యలో సరిగ్గా ఒక్క చుక్క వేసింది. ఆ చుక్క ఇంకలేదు. గాజుపూసలా నిలబడి, పక్కన తిరుగుతున్న డ్రయర్ల అదురుకి కొద్దిగా వణికింది.

"చూశావా? ఎలా కూర్చుందో! జమీందారులా కూర్చుంది. శనివారం సౌనా ఆవిరి గదిలోంచి బయటికొచ్చి నువ్వు దీంతో ఒళ్ళు తుడుచుకోవడం లేదు అబ్బాయ్. భుజం మీది నీళ్ళని వీపు మీదికి బదిలీ చేస్తున్నావు."

అబ్బాయ్ అంటే నేను. నా వయసు యాభై మూడు. మోకాళ్ళు రెండూ అరిగాయి. పేరు ఆర్వి. ఆ పేరుతో ఆవిడ నన్ను పన్నెండేళ్ళలో రెండుసార్లు పిలిచి ఉంటుంది.

హిల్మా కోస్కి గారికి డెబ్బై ఎనిమిదేళ్ళు. మిగతా అన్ని విషయాల్లోనూ మర్యాదస్తురాలే. పాస్టరు గారి ప్రసంగం బాగుందంటే బాగుందంటుంది, ఈ ఏడు సరస్సు తొందరగా గడ్డకడుతుందంటే కడుతుందంటుంది. ఉతికిన బట్టలు మెత్తబరిచే సంగతి దగ్గర మాత్రం ఆవిడ ఈ భూమ్మీద ఏ ప్రాణితోనూ ఒప్పుకోదు. మెషిన్లో ఆఖరి జాడింపుకి పోసే సాఫ్ట్‌నర్ మందా, డ్రయర్లో బట్టలతో పాటు పడేసే పల్చటి షీటా? నాది మందు. ఆవిడది షీటు. నాకు సెలవైన ప్రతి మంగళవారం పొద్దున్న తొమ్మిదింటికి, అమెరికాలో మా డులూత్ ఊళ్ళో, కొండ దిగువన డబ్బులేసి ఎవరి బట్టలు వాళ్ళు ఉతుక్కునే లాండ్రీలో, ఈ రెంటికీ యుద్ధం.

మొదటిసారి కలిసింది ఒక జనవరిలో. నేను మెషిన్ ముందు కుర్చీ వేసుకుని ఎర్ర లైటు వంక చూస్తూ కూర్చున్నాను. ఆ పాత మెషిన్లలో జాడింపు మొదలైనప్పుడు లైటు వెలుగుతుంది. వెలిగిన రెండు నిమిషాల్లో మందు పొయ్యాలి. తప్పిపోతే అంతే సంగతులు. ఒక ముసలావిడ వచ్చి నా పక్కన నిలబడింది.

"ఎవరి కోసం చూస్తున్నావు?"

"లైటు కోసమండీ."

"ఎంత సేపట్నుంచి?"

"ఇరవై నిమిషాలు."

"నేను షీటు పడేసి, బేకరీకి వెళ్ళి, యాలకుల రొట్టె కొనుక్కుని, సగం తిని వచ్చాను. నువ్వింకా ఒక బల్బుకి కాపలా కాస్తున్నావు. నీకు పెళ్ళయిందా?"

"లేదండీ."

"మరేం. ఆ బల్బుతోనే కానివ్వు."

అంత మాట నన్ను ఎవరూ అనలేదు. అంత మాటేమిటి, ఆ వారంలో నన్ను ఎవరూ ఏ మాటా అనలేదు. నేను రేవులో ఇనుపరాయి ఓడల్లోకి దించే పనిలో ఉన్నాను. ఆ మోతలో ఒకరి మాట ఒకరికి వినబడదు. అన్నీ చేతి సైగలే. ఇంటికొస్తే రేడియో. కాబట్టి నా గొంతు ఎలా ఉంటుందో నాకు తెలిసేది మంగళవారాలే.

మా మనుషుల సంగతి కూడా చెప్పాలి. ఫిన్లాండు నుంచి వలస వచ్చిన మేం మాటలు చాలా పొదుపుగా వాడతాం. ఒక విషయం మీద ఒప్పుకుంటే "యా" అంటాం. "యా" అన్నాక టోపీ పెట్టుకుంటాం. టోపీ పెట్టుకున్నామంటే ఆ సంభాషణ ముగిసినట్టే. మా నాన్నా, పెదనాన్నా ఒకసారి పదకొండేళ్ళ తరవాత కలిశారు. "చలి" అన్నాడు పెదనాన్న. "యా" అన్నాడు నాన్న. టోపీలు పెట్టుకున్నారు. ఆ రోజు తనివితీరా మాట్లాడుకున్నామని ఇద్దరూ చచ్చేదాకా అనుకునేవారు.

అలాంటి ఊళ్ళో ఒక ఈస్టరు పండక్కి, వాక్యం చదవడానికి లేచిన ఊనో సల్మి గారి కోటు వెనక, సరిగ్గా నడుం కింద, తెల్లటి డ్రయర్ షీటు ఒకటి అంటుకుని వేలాడుతోంది. నూట ఎనభై మందిమి చూశాం. ఒక్కరమూ నోరు విప్పలేదు. ఆయన నడిచాడు, షీటు నడిచింది. ఆయన వంగాడు, షీటు ఊగింది. పాస్టరు గారు కళ్ళు గట్టిగా మూసుకుని ప్రార్థన పొడిగించారు. చెబితే ఆయన సిగ్గుపడతాడేమోనని అందరికీ ఒకటే దిగులు. చెప్పకపోతే ఆయన దాంతోనే పండగ భోజనానికి వెళతాడని ఎవరికీ తట్టలేదు. అప్పుడు వెనక వరుసలోంచి ఒక గొంతు.

"ఊనో! తోక ఊడిపోయేలా ఉంది. తీసి జేబులో పెట్టుకో!"

చర్చిలో తోకతో తిరగడం తప్పా, చర్చిలో అరవడం తప్పా అని ఊరంతా ఒక నెల ఆలోచించింది. అరవడమే తప్పని తేల్చింది. అదీ మాటల్లో కాదు, హిల్మా గారికి ఆ నెల చర్చి కాఫీ కొంచెం తక్కువ పోసి.

ఆ మంగళవారం నేను ఊరుకోలేదు. "మీ షీటు వాళ్ళ ఘనత చూశాం కదండీ. మా మందు పక్షంలో తోకలుండవు" అన్నాను.

"తోక పీకితే వస్తుంది. నీ తువ్వాలుకి పట్టిన జిడ్డు పీకితే వస్తుందా? ఇటు పడెయ్యి."

డ్రాపర్. చుక్క. జమీందారు.

నేనేం తక్కువ తినలేదు. లైబ్రరీకి వెళ్ళి నూలు గురించి, ఉన్ని గురించి, చలికాలం బట్టలు ఎందుకు చిటపటలాడతాయో చదివాను. సోమవారం సాయంత్రం వంటింట్లో కూర్చుని పాత కవరు వెనకాల పాయింట్లు రాసుకునేవాణ్ణి. ఒక్కొక్కటే గట్టిగా పైకి చదువుకుని, "దీనికి ఆవిడ ఏమంటుంది?" అని నన్ను నేనే అడిగి, ఆవిడలా జవాబు చెప్పుకుని, నాలా మళ్ళీ తిప్పికొట్టేవాణ్ణి. అలాంటప్పుడు నా వంటింట్లో ఇద్దరున్నట్టుండేది.

పన్నెండేళ్ళు ఇలా గడిచాయి. పోయిన నవంబరులో, మొదటి మంచు పడిన వారం, నాకొక మంచి బుద్ధి పుట్టింది. ఆవిడ ఈమధ్య కుంటుతోంది. తుంటి నొప్పి. మెషిన్ దగ్గరికి రావడానికి గోడ పట్టుకుంటోంది. పాపం, పెద్దావిడ, ఒక్కసారి గెలవనిద్దాం అనుకున్నాను. సీసా ఇంట్లో వదిలేసి, కొత్త షీట్ల డబ్బా ఒకటి కొనుక్కెళ్ళి ఆవిడ ముందు పెట్టాను.

"హిల్మా గారూ, మీదే రైటు. ఇవాళ్టి నుంచి నేను షీటే."

ఆవిడ డబ్బా వంక చూసింది. నా వంక చూసింది. చంకలు గుద్దుకుంటుందనుకున్నాను. బేకరీ దాకా వెళ్ళి దండోరా వేస్తుందనుకున్నాను.

"యా" అంది.

ఆవిడ నోట ఆ మాట వినడం నాకదే మొదలు.

కూర్చున్నాం. షీటు వేశాక కాపలా కాయడానికి లైటు కూడా లేదు. గుండ్రటి అద్దంలో నా చొక్కాలు తిరుగుతూంటే ఇద్దరం చూశాం.

"చలి" అన్నాను.

"యా" అంది. టోపీ పెట్టుకుంది. తొమ్మిదిన్నరకల్లా వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చి తువ్వాళ్ళు మడతపెట్టాను. ఒక చుక్క వేసి చూశాను. చక్కగా ఇంకిపోయింది. నాకేమీ సంతోషం కలగలేదు.

ఆ పరధ్యానంలో ఉన్ని గ్లవ్ ఒకటి డ్రయర్లోనే వదిలేశాను. మా చలికి ఒక చేతి గ్లవ్‌తో ఎవడూ బతకలేడు. గురువారం పనిలో విరామం దొరికితే లాండ్రీకి వెళ్ళాను. ఎప్పుడూ గురువారం వెళ్ళి ఎరగను. తలుపు తీయగానే లోపల్నించి గొంతు.

"ఎయినార్, నువ్వు వాడేది షీటు కాదు, కొవ్వొత్తి! మైనం! ఇదిగో డ్రయర్లో నూగు పట్టే జల్లెడ. చుక్క వేస్తున్నాను చూడు. దిగిందా? దిగలేదు. జమీందారులా కూర్చుంది! అదే సాఫ్ట్‌నర్ మందు అనుకో, జల్లెడకి ఏమీ అంటదు. మందుకి మించింది లేదు!"

అదే డ్రాపర్. అదే జమీందారు. మా హిల్మా గారే. పన్నెండేళ్ళు నా మందుని తిట్టిన నోటితో!

సబ్బు అమ్మే పెట్టె పక్కన నిలబడిపోయాను. ఆవిడ ఎదురుగా ఉన్నది ఎయినార్ టోలోనెన్ గారు. ఓడల్ని లాగే టగ్గు పడవల మీద ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. సెప్టెంబరులో ఆయన భార్య ఎల్మా పోయింది. పాతిపెట్టిన రోజు రెండొందల మంది వరసగా వచ్చి చెయ్యి పట్టుకుంటే అందరికీ కలిపి ఒక్క "యా" అన్నాడు. ఆ తరవాత ఆయన గొంతు విన్నామన్నవాళ్ళు లేరు. ఇంటి ముందు మంచు మీద అడుగుల జాడ కూడా ఉండదని పోస్టుమాన్ చెప్పాడు. ఆ ఎయినార్ గారు కందగడ్డలా ఎర్రబడి, జల్లెడ లాక్కుని ఊపుతున్నాడు.

"ఈ జల్లెడ నాదా? ఊరంతా బట్టలు ఆరబెట్టుకునే డ్రయర్ జల్లెడ! ఊళ్ళోవాళ్ళ జిడ్డంతా తెచ్చి నా ఎల్మా షీటు మీద రుద్దుతావేం?"

"ఎల్మా మంచిది. నాకు చెల్లెలు లాంటిది. ఈ ఒక్క విషయంలో పొరపాటు పడింది, అంతే."

"పొరపాటా! ముప్పై ఏళ్ళు షీటు వాడింది. ముప్పై ఏళ్ళలో నా చొక్కా ఒక్కనాడు ఒంటికి అంటుకోలేదు. ఆగు, ఆగు. నేను రాసుకొచ్చాను." జేబులోంచి కాగితం తీశాడు. కళ్ళజోడు పెట్టుకున్నాడు. అది కవరు వెనకాల రాసిన కాగితం. "ఒకటి..."

అప్పుడు నన్ను చూశాడు. "ఆర్వి! నువ్వు చెప్పు. నువ్వేం వాడతావు?"

హిల్మా గారి కళ్ళు నా వైపు తిరిగాయి. ఆ చూపులో ఏదో ఉంది. నాకు అర్థం కాలేదు. నిజం చెప్పేశాను.

"షీటేనండీ."

ఎయినార్ గారి మొహం విప్పారింది. కాగితం మడిచాడు. "యా" అన్నాడు, తృప్తిగా. బల్ల మీదున్న టోపీ అందుకున్నాడు.

మూడు నిమిషాల క్రితం దాకా మనిషంత మనిషి. టోపీ చేతిలోకి రాగానే భుజాలు జారాయి, కళ్ళు తలుపు మీదికి వెళ్ళాయి. తలుపవతల మంచు, ఆ మంచు మీద అడుగుల జాడ లేని ఇల్లు. హిల్మా గారు రెప్ప వెయ్యకుండా నన్నే చూస్తోంది. మొన్న నేను షీట్ల డబ్బా ముందు పెట్టినప్పుడు చూసిన చూపే. అప్పుడర్థమైంది.

"కానీ" అన్నాను.

టోపీ ఆగింది.

"కానీ తప్పు చేశానేమో అనిపిస్తోందండీ. పన్నెండేళ్ళు మందు వాడిన చేతులు నావి. షీటు వేసిన ఈ రెండు రోజుల్నించి చొక్కా ఏదోలా ఉంది. మళ్ళీ మందుకే పోదామనుకుంటున్నాను."

"మందుకా?" టోపీ బల్ల మీద పడింది. "రెండు రోజులు చూసి తీర్పు చెబుతావా? కూర్చో! హిల్మా, ఇతనికి కూడా కాఫీ పొయ్యి. నువ్వే కదూ పాడుచేశావు ఇతన్ని? ఆర్వి, విను. ఒకటి..."

నాలుగు పాయింట్లు చదివాడు. ఒక్కొక్కదానికీ నేను అడ్డం పడ్డాను. విరామం దాటిపోయి ముప్పావుగంటయింది. "వచ్చే గురువారం మీ ఇద్దరి సంగతీ తేలుస్తా" అని బట్టల బుట్ట ఎత్తుకుని, టోపీ వంకరగా పెట్టుకుని, దారిలో తనలో తానే ఏదో వాదించుకుంటూ వెళ్ళాడు.

తలుపు మూసుకున్నాక నేను అందుకున్నాను. "మంగళవారం షీటు, గురువారం మందు! రెండు నాలుకలండీ మీకు!"

"అరవకు. నాకు చెవులు బాగానే పనిచేస్తాయి. ఈ డ్రాపర్ వెర్నర్‌ది."

వెర్నర్ ఆవిడ భర్త. పోయి చాలా ఏళ్ళయింది.

"అసలు మీరు ఏ పక్షం?"

"ఈ వయసులో నాకు రెండూ పడవు. ఒంటి నిండా దద్దుర్లొస్తాయి. ఇక్కడ తిప్పేవి ఎవరూ కప్పుకోని పాత దుప్పట్లు. నా బట్టలు ఇంట్లోనే ఉట్టి సబ్బుతో ఉతికి పెరట్లో తాడు మీద ఆరేస్తా. చెక్కపలకల్లా గడ్డకట్టి వస్తాయి. తువ్వాలుతో తలుపు కొడితే పక్కింటావిడ ఎవరని అడుగుతుంది."

"మరి ఇక్కడికెందుకొస్తారు?"

"నువ్వెందుకొస్తావు? మీ అపార్టుమెంటు కింద రెండు మెషిన్లున్నాయి. నాకు తెలీదనుకున్నావా?"

నేను గ్లవ్ వెతుక్కున్నాను.

"లైటు కోసం కూర్చోవాలని సీసా పట్టుకొచ్చావు" అంది. "కూర్చోవడానికి ఒక వంక. మొదటి రోజే తెలిసింది. నువ్వు సీసాతో వచ్చావు గనక నేను షీటయ్యాను. షీటుతో వచ్చుంటే మందయ్యేదాన్ని. నాకేం పోయింది?"

"ఎయినార్ గారు?"

"వాడికి మూడుసార్లు గిన్నె నిండా మాంసం వేసి హాట్‌డిష్ వండి తీసుకెళ్ళాను. మూడుసార్లూ తలుపు రెండంగుళాలు తీసి, గిన్నె తీసుకుని, 'యా' అని మూసేశాడు. నాలుగోసారి గిన్నె ఇవ్వలేదు. 'ఎయినార్, ఎల్మా ఆ షీట్లతో నీ తువ్వాళ్ళు నాశనం చేసింది' అన్నాను. తలుపు మొత్తం తెరుచుకుంది! గుమ్మం దాటి బయటికొచ్చాడు, మేజోళ్ళతో, మంచులోకి! 'రా, చూపిస్తా' అన్నాడు. ఎల్మా నాలుగు డబ్బాలు కొని పెట్టుకుని పోయింది. అవి ఒకటొకటిగా తెచ్చి నాకు నిరూపిస్తున్నాడు. వాడింట్లో డ్రయర్ భేషుగ్గా ఉంది. పాడైందని నాతో అబద్ధం చెప్పాడు. నేను నమ్మినట్టు తలూపాను."

కాఫీ చల్లారింది. ఆవిడ తాగేసింది.

"వెర్నర్ మంచివాడు, అబ్బాయ్. నలభై ఒక్క ఏళ్ళు నేనేమన్నా 'యా' అన్నాడు. యా అన్నాక ఇంకేం మాట్లాడతావు? ఒక్కసారి మాత్రం, అప్పట్లో నేను వాడే షీటు వాసనకి తుమ్ములొస్తున్నాయి, మానెయ్యి అన్నాడు. నేను మాననన్నాను. ఆ సాయంత్రం రెండు గంటలు దెబ్బలాడుకున్నాం. బంగాళదుంపలు మాడిపోయాయి. అంత బాగా మేమెప్పుడూ మాట్లాడుకోలేదు. ఇంకో రెండు మూడు విషయాల్లో కూడా కాదని ఉంటే ఎంత బావుండేది అనుకుంటాను."

డ్రయర్ ఒకటి ఆగింది. ఎవరివో దుప్పట్లు. మేమిద్దరం వాటివంక చూశాం.

"సోమవారం నా తుంటి మారుస్తారట" అంది, వాతావరణం సంగతి చెబుతున్నట్టు. "ఆరు వారాలు కదలకూడదట. ఆరు గురువారాలు. ఆరు గురువారాలు ఇంట్లో కూర్చున్నాడంటే ఏడోది వాడు బయటికి రాడు. నాకు తెలుసు. వెర్నర్ పోయాక నేను పదిహేను వారాలు కూర్చున్నాను."

"నన్ను వెళ్ళమంటారా?"

"నిన్ను కాకపోతే ఆ బల్బుని పంపనా?"

"మరి నా మంగళవారాలో?" అన్నాను. అనాలనుకోలేదు. నోరు జారింది.

"ఆస్పత్రిలో తువ్వాళ్ళుండవా? తొమ్మిదింటికి రా. వాళ్ళ లాండ్రీలో ఏం వాడతారో కనుక్కుని రా. నువ్వు వాళ్ళ పక్షం, నేను ఎదుటి పక్షం. ఆ యాలకుల రొట్టె కూడా తీసుకురా. దాని గురించి మాత్రం వాదించకు, అది బావుంటుంది."

"యా" అనబోయాను. ఆవిడ కనుబొమ్మ లేచింది.

"ఏం, అంత బాగోదు, గట్టిగా ఉంటుంది" అన్నాను.

"అలా!" అని గోడ పట్టుకుని లేచింది. చేతిసంచి తెరిచి, డ్రాపర్ తీసి, రుమాలుతో తుడిచి, నా గ్లవ్ లోపల పెట్టి, పైన తట్టింది.

"గురువారం, పదింటికి. ఆలస్యం చెయ్యకు, వాడు టోపీ పెట్టేసుకుంటాడు. ముందు తువ్వాలు అడుగు, తరవాత జల్లెడ అడుగు. చుక్క జాగ్రత్తగా వెయ్యి, చెయ్యి వణక్కూడదు. ఒకవేళ అది సుబ్బరంగా దిగిపోయిందనుకో, ఆర్వి, నీకు దణ్ణం పెడతా, దిగలేదనే చెప్పు."